మెర్లిన్ సౌండ్ ఐడీ: పాలమూరు చెల్కల్లో, నల్లగొండ తోటల్లో పిట్ట కూతను ఎంతవరకు గుర్తుపడుతుంది

పిట్టల మీద ధ్యాస ఉన్నవాళ్ళెవరైనా, కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌ను ఫోన్‌లో పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, మధ్యలో ప్రకటనలు రావు, మన ప్రాంతపు పిట్టల సమాచారం ఉండే బర్డ్ ప్యాక్‌ను ఒకసారి దించుకుంటే సిగ్నల్ అందని అడవిలోనూ పనిచేస్తుంది. కాకపోతే తెర మీద పడిన పేరును పడినట్టే నమ్మి రాసుకునేవాళ్ళకు దీన్ని పెట్టుకోమని చెప్పలేం. వినిపించిన కూతను ముందు మన మాటల్లో పట్టుకుని, ఆ తర్వాత యాప్ చెప్పినదానితో సరిచూసుకునేవాళ్ళకే ఇది అక్కరకొస్తుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల చెల్కల్లో, చెరువు కట్టల మీద, బత్తాయి తోటల్లో, నల్లమల అంచుల్లో దీన్ని ఎట్లా వాడాలి, ఎక్కడ తడబడుతుంది, ఎందుకు తడబడుతుంది అన్నది వివరంగా చూద్దాం.

మెర్లిన్‌ను తయారుచేసింది అమెరికాలోని కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ. యాప్ 2014లో వచ్చింది. అప్పట్లో పిట్ట ఎంతుంది, ఏ రంగులో ఉంది, ఏం చేస్తోంది అని అడిగి, మన జవాబులను బట్టి పేర్లు సూచించేది. శబ్దాన్ని బట్టి గుర్తుపట్టే సౌండ్ ఐడీ 2021లో, మొదట అమెరికా, కెనడా పిట్టలతో మొదలైంది. మన దేశపు పిట్టలు ఆ తర్వాత చేరాయి. లోపల జరిగే పని కొంచెం తెలిస్తే దాని తప్పులు ఎక్కడ పుడతాయో కూడా తెలుస్తుంది. ఫోన్ మైకు పట్టిన శబ్దాన్ని యాప్ స్పెక్ట్రోగ్రామ్ అనే బొమ్మగా మారుస్తుంది. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. సన్నటి గొంతు పైన, బొంగురు గొంతు కింద పడుతుంది. గట్టిగా వినిపించిన చోట గీత ముదురుగా ఉంటుంది. కార్నెల్ ల్యాబ్ వారి శబ్దాల భండారం మెకాలే లైబ్రరీలో పోగైన రికార్డింగుల మీద ముందే నేర్చుకున్న గీతలతో ఈ గీతలను పోల్చి పేరు చెబుతుంది. దానికి తోడు మీరున్న చోటు, తేదీ చూసుకుని, ఈబర్డ్ అనే సైటులో జనం నమోదు చేసిన పిట్టల లెక్కల ప్రకారం ఆ కాలంలో అక్కడ ఉండే పిట్టల వైపే మొగ్గుతుంది. కాబట్టి గాలి హోరులో గీత చెరిగిపోతే పేరు రాదు, లేదా తప్పుతుంది. గీత ఇంకే జీవిదైనా సరే, పిట్ట గీతను పోలి ఉంటే పిట్ట పేరే వస్తుంది.

దించుకునే పని ఇంట్లోనే, వైఫై దగ్గరే పూర్తి చేసుకోవాలి. యాప్ ఒక్కటి ఉంటే చాలదు, తెలంగాణను కలుపుకుని ఉన్న బర్డ్ ప్యాక్‌ను కూడా విడిగా దించుకోవాలి. ఫొటోలు, గొంతుల నమూనాలు అందులోనే ఉంటాయి కాబట్టి ప్యాక్ బరువుగానే ఉంటుంది. ఫోన్‌లో కనీసం 1 జీబీ ఖాళీ చూసుకోవడం మంచిది. మైక్రోఫోన్‌కు, లొకేషన్‌కు రెండింటికీ అనుమతి ఇవ్వాలి. చాలామంది లొకేషన్ దగ్గర వద్దని నొక్కేసి, తర్వాత వింత పేర్లు వస్తున్నాయని విసుక్కుంటారు. చోటు తెలియకపోతే అక్కడ ఉండని పిట్టలను జల్లెడ పట్టి తీసేసే పని ఆగిపోతుంది, అంతే. అడవికి పోయే ముందు ఒకసారి ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, ఇంటి ముందరి పిచ్చుకనో కాకినో రికార్డు చేసి చూడండి. అక్కడ పేరు పడితే మన్ననూరు దాటాక కూడా పడుతుంది.

రికార్డు చేసే తీరు మీదే సగం ఫలితం ఉంటుంది. ఫోన్ మైకు సాధారణంగా కింది అంచున, ఛార్జింగ్ రంధ్రం పక్కన ఉంటుంది. ఆ అంచును కూత వస్తున్న దిక్కుకు తిప్పి పట్టుకోవాలి. అరచేయి ఆ రంధ్రాన్ని మూయకూడదు. మందపాటి కవర్ ఉంటే తీసేయడమే మేలు. గాలి ఉన్న రోజు మీ ఒంటినే అడ్డం పెట్టుకుని, గాలికి వీపు చూపించి నిలబడండి. చెరువు కట్ట మీద కంటే కట్ట దిగువ నిలబడితే హోరు బాగా తగ్గుతుంది. నడుస్తూ రికార్డు చేస్తే ఎండుటాకుల మీద చెప్పుల చప్పుడే నిండుతుంది కాబట్టి కదలకుండా అర నిమిషం నుంచి నిమిషం పాటు నిలబడాలి. పిట్ట మధ్యలో ఆగినా వెంటనే ఆపేయవద్దు. చాలా పిట్టలు పది పదిహేను సెకన్ల విరామం తీసుకుని మళ్ళీ అందుకుంటాయి. రెండోసారి వినిపించినప్పుడు తెర మీద అదే పేరు మళ్ళీ రంగుతో వెలిగితే నమ్మకం పెరుగుతుంది. చివర్లో ఆపే ముందు మీ గొంతుతో చోటు, టైము, పిట్ట ఎక్కడ కూర్చుందో రెండు ముక్కలు చెప్పి ఆపండి. తర్వాత ఫైలు విన్నప్పుడు ఆ రెండు ముక్కలే దిక్కు.

వేళ విషయానికొస్తే, తెల్లవారుజామున వెలుగు రాకముందు నుంచి ఎండ ఎక్కేదాకా. గాలి అప్పుడే తక్కువ, బోరు మోటార్లు, ట్రాక్టర్లు ఇంకా లేవవు, కూతలు అప్పుడే ఎక్కువ. ఎండాకాలం పొద్దెక్కాక పాలమూరు చెల్కల్లో వినిపించేవి రెండు మూడు గొంతులే.

ఇక మాటల సంగతి. యాప్‌లో ఒక్కో పిట్ట పేజీలో గొంతు ఎట్లా ఉంటుందో ఇంగ్లీషులో ఒకటి రెండు వాక్యాలుంటాయి. చిర్ప్, ట్విటర్, ట్రిల్, ర్యాటిల్, చాటర్, విజిల్, కూ లాంటి మాటలు అక్కడ పదేపదే వస్తాయి. వీటన్నిటినీ నిఘంటువు చూసి ‘కిచకిచ’ అనుకుంటే యాప్ ఇచ్చిన సాయం సగానికి సగం పోయినట్టే. ఒక్కొక్కటి ఒక్కో శబ్దపు ఆకారం. మన చుట్టూ రోజూ తిరిగే పిట్టలతో ముడిపెట్టుకుంటే అవి ఇక మరుపు రావు.

చిర్ప్ అంటే పొట్టిగా, పదునుగా, తెగ్గొట్టినట్టు వచ్చే ఒక్క ముక్క. ఊర పిచ్చుకది అదే. మనం కిచకిచ అని రెట్టించి అంటాం, పిచ్చుక ఒక్క ముక్కతో ఊరుకోదు కాబట్టి. యాప్ చెప్పే ఒక్క చిర్ప్, మన కిచకిచలో ఒక్క ‘కిచ్’. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తెలుగులో కిచకిచ పిట్టలకే అంకితమైన మాట కాదు, కోతులకూ వాడతాం. అది శబ్దం ఆకారాన్ని చెబుతుంది గాని జంతువును చెప్పదు. యాప్‌కు కూడా తెలిసింది ఆకారమే. దాని తప్పుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది, కింద మళ్ళీ వస్తుంది.

ట్విటర్ అంటే సన్నటి ముక్కలు ఒకదాని మీద ఒకటి దొర్లుకుంటూ, ఆగకుండా రావడం. కరెంటు తీగల మీద వరసగా కూర్చున్న స్వాలో పిట్టలు చేసేది అదే. కిలకిల అన్న మాట దీనికి దగ్గరగా సరిపోతుంది. కానీ పత్రికల్లో ‘పక్షుల కిలకిలారావాలు’ అని ఏ పిట్టకైనా వాడేస్తారు. చెరువులో బాతుల గుంపుకూ అదే, మర్రిచెట్టు తొర్రలో గుడ్లగూబకూ అదే. కథకు చెల్లుతుందేమో గాని పిట్ట పేరు తేల్చుకునే నోటుకు ఆ మాట ఎందుకూ పనికిరాదు.

ట్రిల్ అంటే ఒకే స్వరం ఎంత వేగంగా తిరిగి తిరిగి వస్తుందంటే ముక్కలు విడిగా లెక్కపెట్టలేం. ఏ ఊరి చెరువులోనైనా మునుగుడుకోడి ఉన్నట్టుండి తీసే గొంతు ఇది. తాటిచెట్ల చుట్టూ తిరిగే పామ్ స్విఫ్ట్‌లది కూడా ఇదే తరహా, మరీ సన్నంగా ఉంటుంది. ముక్కలు లెక్కకు అందుతూ, గరుకుగా, గట్టిగా దొర్లితే అది ర్యాటిల్. తెల్ల రొమ్ము లకుముకి పిట్ట బావి గట్టు మీంచి ఎగిరేటప్పుడు చేసేది. చాటర్‌కు తెలంగాణ మాట లొల్లి అంటే సరిగ్గా సరిపోతుంది. కంచెల్లో ఆరేడు కలిసి నేల మీద గెంతుతూ తిరిగే బూడిదరంగు బాబ్లర్లు ఒకదానికొకటి అడ్డం పడుతూ పెట్టే గోల అది. విజిల్ అంటే ఈల, గరుకు లేని నున్నటి స్వరం. గోల్డెన్ ఓరియోల్ గొంతు అది, మామిడి తోటల్లో వింటాం. కూ అంటే గువ్వల గొంతు. నోరు విప్పకుండా లోపల్నుంచి వచ్చినట్టుండే బొంగురు శబ్దం.

మన మాటల్లో కూత, అరుపు అనే తేడా కూడా బాగా పనికొస్తుంది. కూత అంటే మొదలు, చివర ఉండి, ఒక వరస ప్రకారం సాగే పూర్తి పిలుపు. కోడి కూత, కోకిల కూత, చివరికి రైలు కూత, కబడ్డీలో పట్టే కూత, అన్నిటికీ ఆ లక్షణం ఉంది. పాలపిట్ట గొంతును ఎవరూ కూత అనరు, అది గరగరమనే అరుపు. నెమలి గొంతుకు సంస్కృతం విడిగా ‘కేక’ అనే పేరే ఇచ్చింది, అమరకోశంలో ఉంది. తీతువుకైతే పేరులోనే గొంతు ఉంది, సంస్కృతంలో టిట్టిభం అన్నా అంతే. యాప్ విషయంలో ఈ తేడా ఎందుకంటే, కూతను అది బాగా పడుతుంది. వరస ఉన్న గీతలు బొమ్మలో స్పష్టంగా నిలుస్తాయి. విడి అరుపుల దగ్గర, ఒక్క ముక్క చిర్ప్‌ల దగ్గర తడబడుతుంది, ఎందుకంటే ఒక్క ముక్కలో పోల్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

అందుకే మన ప్రాంతంలో దాని బలం ఎక్కడంటే, పొద్దున్నే కంచెల్లోంచి వరసగా అందుకునే కౌజు, మగ కోకిల, కంసాలి పిట్ట, తీతువు, నెమలి. కోకిల బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది. కూ దగ్గర మొదలై ఊ దగ్గరికి ఏటవాలుగా పైకి లేచే గీత, తర్వాతి కూత దానికంటే ఇంకాస్త పైన, ఆ తర్వాతది ఇంకా పైన, మెట్లు ఎక్కుతున్నట్టు సాగి ఒక్కసారిగా ఆగిపోతుంది. కంసాలి పిట్టది దీనికి పూర్తిగా వేరు. బొమ్మ అడుగు భాగంలో, ఒకే ఎత్తులో, ఒకే ఎడంతో పొట్టి గీతలు పడుతూ పోతాయి. నిమిషానికి వందకు పైగా టుక్ టుక్‌లు వస్తాయి. పిట్ట తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి మధ్యలో గీత ముదురు లేత అవుతుంది, ఎడం మాత్రం మారదు. ఈ రెండు బొమ్మలు కంటికి పట్టుబడితే స్పెక్ట్రోగ్రామ్ చదవడం సగం వచ్చినట్టే. ఆడ కోకిల గొంతు మాత్రం వేరు, కిక్ కిక్ కిక్ మంటూ వేగంగా వచ్చే అరుపు. కోకిలే అని తెలియనివాళ్ళు ఇంకేదో కొత్త పిట్ట అనుకుంటారు.

బలహీనతల్లో మొదటిది బొంగురు గొంతులు. జెముడుకాకి తుమ్మ పొదల్లోంచి తీసే ఊప్ ఊప్ ఊప్, పెద్ద గుడ్లగూబల గొంతులు బొమ్మలో మరీ అడుగున పడతాయి. గాలి హోరు, లారీల రొద, మోటారు గుయ్యిమనే శబ్దం కూడా అక్కడే పడతాయి. పైగా చిన్న ఫోన్ మైకు ఆ స్థాయిని అసలే తక్కువగా పడుతుంది. మన చెవికి స్పష్టంగా వినిపిస్తున్నా యాప్ మౌనంగా ఉంటే కారణం ఇదే. దీనికి మందు దగ్గరికి పోవడం, గాలిలేని వేళ చూసుకోవడం. ఫోన్‌ను పైకెత్తి పట్టుకుంటే ఏమీ ఒరగదు.

రెండోది గువ్వలు. ఇక్కడి చెల్కల్లో మూడు రకాలు కలిసే తిరుగుతాయి. అన్నిటిదీ అదే స్థాయి బొంగురు గొంతు. దూరం నుంచి వస్తే గీతలు ఒకదాన్నొకటి పోలిపోతాయి. చెవితో తేల్చుకోవడం తేలికే. కాలర్డ్ డవ్‌ది మూడు ముక్కలు, నడిమి ముక్క సాగుతుంది: కు కూఊ కుక్. లాఫింగ్ డవ్‌ది ఐదారు చిన్న ముక్కలు, మెత్తగా తడబడుతూ నవ్వినట్టు. స్పాటెడ్ డవ్ చివరి ముక్కను గొంతులో దొర్లిస్తుంది: క్రూ. ముక్కలు లెక్కపెట్టి, బరువు దేని మీద పడిందో చూసుకుంటే యాప్ ఏం చెప్పినా మీరు తప్పరు.

మూడోది అనుకరించే పిట్టలు. ఏట్రింత (బ్లాక్ డ్రోంగో) షిక్రా డేగ గొంతును అచ్చంగా దించుతుంది. పురుగులు ఏరుకుంటున్న గోరింకలను బెదరగొట్టి, వాటి తిండి కాజేయడానికి ఈ గొంతు వాడుతుందని పక్షిశాస్త్రవేత్తలు రాశారు. పశువుల వీపు మీద ఏట్రింత కూర్చుని ఉన్న చోట యాప్ షిక్రా అని చూపిస్తే, ఆకాశంలో డేగ కనిపించేదాకా షిక్రాను రాసుకోకండి. లీఫ్‌బర్డ్‌లు, ష్రైక్‌లు కూడా ఇతర పిట్టల గొంతులు తమ పాటలో కలుపుకుంటాయి. ఒకే కొమ్మ మీంచి నిమిషంలో నాలుగైదు పేర్లు వరసగా పడుతుంటే ఒక్క పిట్టే అన్ని గొంతులూ తీస్తోందని అనుమానించాలి.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు అసలు పిట్టలు కానివాటి నుంచి వస్తాయి. మొదటి వరసలో ఉడుత. బత్తాయి తోటలో, వేపచెట్టు మీద చిక్ చిక్ చిక్ మని నిమిషాల తరబడి సాగే శబ్దం ఏ పిట్టదో అని తలెత్తి వెతుకుతూ ఉంటారు. దాన్ని పట్టుకునే గుర్తులున్నాయి. పిట్ట చిర్ప్‌కు బొమ్మలో చిన్న వంపు ఉంటుంది, కొక్కెంలాగానో తలకిందులైన ఇంగ్లీషు V అక్షరంలాగానో. ఉడుతది ఎక్కువగా కింది నుంచి పైదాకా నిలువుగా గీసిన గరుకు గీత. వరసలో ఎడం దాదాపు మారదు. చెట్టు మొదట్లో చూడండి. కాండానికి అతుక్కుని, తల కిందికి పెట్టి, ప్రతి చిక్‌కూ తోకను ఒక్కసారి విదిలిస్తూ కనిపిస్తుంది. పామో పిల్లో దగ్గర్లో ఉన్నప్పుడు ఇట్లా అరుస్తుంది. అప్పుడు ఆ పిల్లిని చూసి పిచ్చుకలు, పిగిలిపిట్టలు, దర్జీ పిట్టలు కూడా కలిసి అరుస్తాయి కాబట్టి బొమ్మ అంతా కలగాపులగమై యాప్ రకరకాల పేర్లు చూపిస్తుంది. అట్లాంటి రికార్డింగును పక్కన పెట్టేయడమే మంచిది.

రాత్రి గోడ మీద బల్లి, తొలకరి తర్వాత కప్పలు, పొద్దుగూకాక కీచురాళ్ళు, వీటన్నిటికీ పిట్టల్ని పోలిన గొంతులున్నాయి. కీచురాళ్ళ గీత బొమ్మ పైభాగంలో అడ్డంగా, తెగకుండా పట్టీలాగా సాగుతుంది. ఒకసారి చూస్తే మళ్ళీ పొరపడరు. తల్లికోడి వెంట తిరిగే పిల్లల కియ్ కియ్, నూనె లేని గిలక, బేరింగు అరిగిన మోటారు, వెనక్కి వచ్చే ఆటో బజరు కూడా ఈ జాబితాలోవే. పల్లెలో రికార్డు చేసేటప్పుడు బావి గిలక, కోళ్ళ గూడు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి.

నాలుగోది చలికాలపు వలస పిట్టలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొదల్లో దాగి ‘చక్’ అని ఒక్క ముక్క మాత్రం అనే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్, ఆకుల మధ్యలోంచి ‘చిస్లీ’ అనే గ్రీనిష్ వార్బ్లర్ వస్తాయి. ఆ కాలంలో అవి పాట పెద్దగా పాడవు, ఎక్కువగా విడి ముక్కలే. గ్రీనిష్‌ది రెండు మూడు ముక్కలు కలిసి ఉంటుంది కాబట్టి యాప్‌కు పట్టు దొరుకుతుంది. ఒట్టి ‘చక్’ దగ్గర మాత్రం పది సార్లయినా విని, అదే పేరు నిలకడగా వస్తోందో లేదో చూడాలి.

పేరు పడిన తర్వాత సరిచూసుకునే పద్ధతి ఇది. ఇయర్‌ఫోన్ పెట్టుకుని రికార్డింగు మళ్ళీ వినండి. ఫోన్ స్పీకరులో బొంగురు శబ్దాలు వినపడవు. యాప్ చెప్పిన పేరు మీద నొక్కితే ఆ పిట్ట నమూనా గొంతులు వస్తాయి. మొదటి నమూనాతో ఆగకుండా పాట, పిలుపు, ప్రమాదపు అరుపు అన్నీ వినాలి, ఎందుకంటే మీరు విన్నది వాటిలో ఏదైనా కావచ్చు. రెండు బొమ్మల్లో గీతల వంపు, ఎడం, ఎత్తు పోల్చండి. పేరు పక్కన ఎర్ర చుక్క ఉంటే ఆ చోట, ఆ కాలంలో అది అరుదని అర్థం. దేవరకొండ చెల్కలో పశ్చిమ కనుమల పిట్ట పేరు పడితే సంబరపడకుండా ముందు ఏట్రింతనో ఉడుతనో వెతకండి. వీలైతే పిట్టను కంటితో చూడాలి. చూడలేక, చెవికి కూడా నమ్మకం కుదరకపోతే పేరు లేకుండా వదిలేయాలి. ఈబర్డ్ నియమం కూడా అదే: యాప్ సూచించింది అన్న ఒక్క ఆధారంతో జాబితాలో చేర్చకూడదు. ఈ నియమాన్ని పట్టించుకోకపోతే నష్టం మన ఒక్కరితో పోదు. తప్పు లెక్కలు చేరితే రేపు అదే జిల్లాలో ఇంకొకరి ఫోన్ అదే తప్పు పేరు వైపు మొగ్గుతుంది.

ఇంకో యాప్ బర్డ్‌నెట్‌తో పోల్చి చూసుకోవడం తెలివైన పని. అది కార్నెల్, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి చేసింది. మెర్లిన్ వింటూనే పేర్లు చూపిస్తూ పోతుంది. బర్డ్‌నెట్‌లో రికార్డు చేశాక బొమ్మలో మీకు కావాల్సిన ముక్కను మీరే వేలితో ఎంచుకుని విశ్లేషణకు పంపాలి. అది 3 సెకన్ల ముక్కలుగా చూస్తుంది. ఎంత నమ్మకంతో చెబుతోందో కూడా పక్కన చూపిస్తుంది. ఉడుత గోల మధ్య ఒక్క ఈలను విడదీసి అడగాలంటే అదే మేలు. కాని దానికి నెట్ కావాలి, కాబట్టి అడవిలో మెర్లిన్, ఇంటికొచ్చాక బర్డ్‌నెట్. రెండూ ఒకే పేరు చెప్పినంత మాత్రాన అది రుజువైపోదు, ఒకే రకం పొరపాటు రెండూ చెయ్యగలవు. అప్పుడు జీనో కాంటో సైటు ఉంది. 2005లో మొదలైన ఈ సైటులో ప్రపంచమంతటి నుంచి జనం పెట్టిన పిట్ట గొంతులు ఉచితంగా వినొచ్చు. పేరు తేలని రికార్డింగును అక్కడ పెడితే తెలిసినవాళ్ళు చెబుతారు.

మెర్లిన్‌లో నమూనా గొంతును గట్టిగా వినిపించి పిట్టను దగ్గరికి రప్పించుకోవాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. గూళ్ళు పెట్టే కాలంలో ఇది చేయకూడదు. తన చోటులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. ఆ సేపట్లో గుడ్లు ఎండకు, కాకులకు దొరుకుతాయి. అమ్రాబాద్ పులుల అభయారణ్యం లాంటి చోట్ల అసలే వద్దు. నమూనా వినాలంటే ఇయర్‌ఫోన్ ఉంది కదా.

ఫోన్ నిండిపోవడం మీద కూడా ఒక మాట. సౌండ్ ఐడీ రికార్డింగులను కుదించని వేవ్ ఫైళ్ళుగా దాచుతుంది. నిమిషానికి 5 ఎంబీకి పైనే పడుతుంది. పొద్దంతా వదిలేసి తిరిగితే ఫోన్ నిండుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. అవసరమైనప్పుడే మొదలుపెట్టి ఆపేయండి, సాయంత్రం పనికిరానివి తుడిచేయండి. ఫైలును ఎవరికైనా పంపే ముందు మొత్తం విని, పక్కన కూలీలు, రైతులు మాట్లాడుకున్న మాటలుంటే ఆ ముక్క కత్తిరించి పంపాలి.

తెలుగులో పిట్టల గొంతుల వివరణ యాప్‌లో ఉంటే మన బడి పిల్లలకు ఎంత బాగుండునో. అది లేనంతకాలం ఆ ఖాళీని మన నోట్లే పూరించాలి. ప్రతి రికార్డింగుకు నోట్‌లో నాలుగు సంగతులు రాస్తే చాలు: గొంతు సన్నమా బొంగురా, ఎన్ని ముక్కలు, ముక్కల మధ్య ఎడం, చివర పైకి లేచిందా కిందికి జారిందా. మచ్చుకు ఒక మంచి నోటు ఇట్లా ఉంటుంది: ‘పానగల్ చెరువు కట్ట దిగువ, జనవరి, పొద్దున ఏడు. తుమ్మ పొద లోపల. గరుకు, ఒక్క ముక్క, చక్. మూడు నాలుగు సెకన్లకొకటి. పిట్ట కనపడలేదు. యాప్ రెండుసార్లు బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అంది, ఒకసారి ఏమీ అనలేదు.’ పేరు తర్వాత తేలినా తేలకపోయినా, ఈ నోటు ఉన్న ఫైలును తెలిసినవాళ్ళు ఎప్పుడైనా విప్పి చూడగలరు. ‘పిట్టల కిలకిల, ఉదయం’ అని రాసి ఉన్నదాన్ని మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు.